రిమోట్ ఉపసంఘం

సౌగంధిక రెసిడెన్సీలో ఉండేవాళ్ళలో ముప్పాతిక మంది రిటైరైన ప్రభుత్వోద్యోగులు. రిటైరవడం అన్నది పెన్షన్ కాగితాల్లో మాట. మిగతా అన్ని విషయాల్లోనూ వాళ్ళింకా డ్యూటీలోనే ఉన్నారు. లిఫ్టులో బల్బు పోతే వాళ్ళు బల్బు మార్చరు, బల్బు పోయిన సంగతి అధ్యక్షులవారి దృష్టికి తెస్తారు. అధ్యక్షులవారు స్వయంగా వెళ్ళి పరిశీలిస్తారు. చీకట్లో ఏమీ కనపడదు కాబట్టి పరిశీలన వాయిదా పడుతుంది.

ఈ అధ్యక్షులవారు నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజనీరుగా చేసిన పొన్నాడ దక్షిణామూర్తి గారు. కోశాధికారి ఇమ్మానుయేలు గారిది ఆడిట్ శాఖ. కార్యదర్శి మద్దిపట్ల వైకుంఠరావు. సచివాలయంలో డిప్యూటీ సెక్రటరీ దాకా ఎక్కి, అక్కడ కుర్చీలో అలవాటుగా కూర్చుండిపోయి, చివరికి ఎవరో గుర్తుచేస్తే రిటైరైనవాడు. ముగ్గురూ మంచివాళ్ళే. విడివిడిగా ఎవరికీ ఏ హానీ చేయరు. కలిసి కూర్చుని నలుగురికీ మేలు చేద్దామనుకున్నప్పుడే కాస్త జాగ్రత్తగా ఉండాలి.

స్మార్ట్ ఫోన్లు ఇంకా ఇంటింటికీ రాలేదు. హోమ్ థియేటర్ అంటే జనం గొంతు తగ్గించి గౌరవంగా మాట్లాడుకునే రోజులు. బిల్డరు ఫ్లాట్లన్నీ అమ్ముకుని వెళ్ళిపోతూ, గోడల బీటలు గుర్తుకు రాకుండా ఉండాలని కాబోలు, క్లబ్ హాలులో ఒక హోమ్ థియేటర్ పెట్టించి వెళ్ళాడు. ప్రొజెక్టరు, పైనుంచి దిగే తెర, సెట్‌టాప్ బాక్సు, డీవీడీ, స్పీకర్లు, ఏసీ, వాటంతట అవే మూసుకునే కర్టెన్లు. దేని రిమోట్ దానిదే. అవన్నీ ఒక ప్లాస్టిక్ ట్రేలో పడి ఉండేవి. సౌండు పెంచబోతే ఏసీ పెరిగేది. ఏసీ తగ్గించబోతే తెర పైకి లేచిపోయేది. వార్తలు చూడ్డానికి వచ్చిన పెద్దలు ఎండాకాలంలో శాలువాలు కప్పుకుని, కదులుతున్న కర్టెన్ల వంక చూసి వెళ్ళిపోయేవారు.

ఈ ఇబ్బంది గురించి వైకుంఠరావు ఒకరోజు భోజనం దగ్గర భార్యతో ప్రస్తావించాడు. ప్రస్తావించాడంతే, సలహా అడగలేదు. అయినా హైమవతి ఇచ్చింది. "బజార్లో అన్నిటికీ పనికొచ్చే రిమోట్ దొరుకుతుంది కదండీ, మనింట్లో ఉన్నలాంటిది. ఒకటి తెచ్చి అక్కడ పెట్టండి" అంది.

ఇంట్లో ఉన్నది ఆవిడ కొన్నదే. ఒక మధ్యాహ్నం కూరలకి వెళ్ళి, పక్కనున్న ఎలక్ట్రానిక్స్ కొట్లో తీసుకుని, దాంతోపాటు వచ్చిన కాగితం చూసి నాలుగంకెలు నొక్కి, ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసింది. అప్పటినుంచి అది టీవీకీ, సెట్‌టాప్ బాక్సుకీ, పాత డీవీడీకీ అన్నిటికీ పనిచేస్తోంది. వైకుంఠరావుకి దాన్ని చూస్తే మొదటినుంచీ చిన్నచూపే. పక్కవీధివాళ్ళ టీవీకి కూడా పనికొచ్చే వస్తువు మన వస్తువెలా అవుతుందని ఆయన బాధ. పైగా, కూరగాయలతో పాటు తెచ్చిన పరిష్కారంతో తీరిపోయే సమస్య అయితే, దానికి ఒక కార్యదర్శి ఎందుకు?

అందుకని ఆయన సర్వసభ్య సమావేశంలో బజారు రిమోట్ ప్రసక్తి తనే తెచ్చి, తనే ఖండించాడు. రెడీమేడ్ రిమోట్ మన అవసరాలు తెలుసుకోకుండా ఎక్కడో తయారైందనీ, అందులో మనకి అక్కర్లేని బటన్లుండటం దుబారా అనీ, మనకి కావలసిన బటను లేకపోవడం అన్యాయమనీ చెప్పాడు. ఇప్పుడు కొత్తగా కంపెనీలు వచ్చాయి. హాలు చూసి, సామాను చూసి, వాడేవారిని చూసి, వారికి తగ్గట్టుగా ఒకే ఒక్క రిమోట్ కట్టి ఇస్తున్నాయి. గాజు పలక మీద మనం ఏ బటన్లు కోరితే ఆ బటన్లే అన్నాడు. అధ్యక్షులవారు దీన్ని "సముచితమైన, దూరదృష్టితో కూడిన ప్రతిపాదన"గా అభివర్ణించారు. రిమోట్ విషయంలో దూరదృష్టి ఉండటం సహజమేనని ఎవరూ నవ్వలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

కంపెనీ తరఫున కార్తికేయ అనే అతను ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. మర్యాదస్తుడు. హాలంతా కొలిచి, తీగలన్నీ చూసుకుని, కుర్చీలో కూర్చుని, ప్రపంచంలో ఇంకెక్కడ అడిగినా ప్రమాదం లేని ఒక ప్రశ్న అడిగాడు.

"సార్, మీకు ఏమేం బటన్లు కావాలి?"

పాపం, అతనికి తెలియదు. ముప్పై ఏళ్ళు సర్వీసు చేసిన మనిషిని అభిప్రాయం అడిగితే ఆ మనిషి అభిప్రాయం చెప్పడు, ఉపసంఘం వేస్తాడు. ఆ సాయంత్రానికే రిమోట్ ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి సభ్యులు. కార్తికేయ శాశ్వత ఆహ్వానితుడు.

మొదటి సమావేశం ఆన్ బటను దగ్గర ఆగిపోయింది. ఆన్ చేయడానికీ, ఆఫ్ చేయడానికీ ఒకటే బటనని కార్తికేయ చూపించగానే ఇమ్మానుయేలు గారు కళ్ళజోడు తీశారు. మంజూరు చేసే అధికారమూ, రద్దు చేసే అధికారమూ ఒకే చోట ఉండటం ఏ శాఖలోనూ చూడలేదన్నారు. చర్చించి, ఆన్ చేసే అధికారం కార్యదర్శికీ, ఆఫ్ చేసే అధికారం అధ్యక్షులవారికీ ఇచ్చారు. సౌండు పెంచాలంటే కారణం తెలపాలన్నారు. "వినబడుట లేదు", "పక్కవారు మాట్లాడుచున్నారు", "ఇతర కారణములు" అని మూడు గళ్ళు పెట్టారు. తగ్గించడానికి కారణం అవసరం లేదు, అది పొదుపు కిందికి వస్తుంది.

మ్యూట్ బటను దగ్గర దక్షిణామూర్తి గారు చాలాసేపు మౌనంగా ఉండి, "తెరమీద మంత్రివర్యులు ప్రసంగిస్తున్నారనుకోండి. పెన్షన్ పుచ్చుకుంటున్న మనం ఒక్క నొక్కుతో వారి నోరు మూయించడం క్రమశిక్షణా రాహిత్యం కాదా?" అని అడిగారు. మ్యూట్ తీసేసి "సగౌరవముగా తగ్గించుట" అని పెట్టారు. అది నొక్కితే మాట అక్కడే తెగిపోదు, నెమ్మదిగా, మాట్లాడేవారికి అనుమానం రాకుండా సన్నగిల్లుతుంది. ఇంతకుముందు చూసిన ఛానల్‌కి వెనక్కి వెళ్ళే బటను, తీసుకున్న నిర్ణయాన్ని తిరగదోడటంగా భావించి, పూర్తిగా రద్దుచేశారు.

మొదట్లో కార్తికేయ "అది అక్కర్లేదేమో సార్" అనేవాడు. తర్వాత "కష్టం సార్" అనేవాడు. ఆ తర్వాత ఏం చెప్పినా "చేసేద్దాం సార్" అనడం మొదలుపెట్టాడు. ఇదంతా మరీ ఎక్కువవుతోందేమో అని వైకుంఠరావుకి కూడా ఓసారి అనిపించింది. సర్వీసులో అలా అనిపించినప్పుడల్లా ఏం చేసేవాడో ఇప్పుడూ అదే చేశాడు. ఇంకో సమావేశానికి తేదీ ఖరారు చేశాడు.

ఆ రోజుల్లోనే హైమవతికి పాత పాటలు వేసే ఒక టీవీ ఛానల్ నుంచి కబురొచ్చింది. ఆడవాళ్ళు ఇళ్ళల్లో పాడుకుని, రాసిపెట్టకుండా పోగొట్టుకుంటున్న పాటల్ని వాళ్ళు వెతికి పాడిస్తున్నారు. ఆవిడ అక్క కూతురు చెప్పకుండా పేరు పంపింది. హైమవతికి వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాట ఒకటి వచ్చు. ఇప్పుడది వచ్చింది భూమ్మీద తనొక్కదానికే అని ఆవిడ అనుమానం. పెళ్ళయ్యాక నలుగురిలో నోరు విప్పని మనిషి, స్టూడియోకి వెళ్ళి కెమెరా ముందు కూర్చుని పాడి వచ్చింది. ఆదివారం పొద్దున వేస్తారట. మళ్ళీ వేయరట. కాపీ ఇమ్మంటే అలా ఇవ్వడం లేదన్నారు.

స్టూడియోకి వెళ్ళే ముందు వారాలన్నీ ఆవిడ వంటింట్లో ఆ పాట సాధన చేసుకుంది. ఆ సాయంత్రాలన్నీ వైకుంఠరావు ఉపసంఘంలో ఉన్నాడు. ఇంట్లో ఉన్న కాసేపూ బటన్ల బొమ్మలు గీసుకుంటూ బాల్కనీలో కూర్చునేవాడు. ఒకరోజు ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, "ఏమండీ, ఓసారి వింటారా? ఎక్కడైనా తప్పుపోతోందేమో చెబుదురుగాని" అంది.

"ఇప్పుడిలా వింటే ఏముంది హైమా. పెద్ద తెరమీద, అందరితో కలిసి వింటాను. మన రిమోట్‌కి ప్రారంభోత్సవం నీ పాటతోనే" అన్నాడాయన.

ఆ మాట తప్పించుకోడానికి అన్నది కాదు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. భార్య పాట కోసం ఇంత చేస్తున్న భర్త ఈ కాలనీలో ఇంకొకడు లేడని ఆయన గట్టి నమ్మకం. హైమవతి పొయ్యిమీద ఏదో ఉందని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంతలో భద్రత సమస్య వచ్చింది. రెండో అంతస్తు కస్తూరి గారు తన ఇంటి బజారు రిమోట్‌తో క్లబ్ హాలు సెట్‌టాప్ బాక్సులో ఛానల్ మార్చేశారు. వంటల కార్యక్రమం చూసి, కడుపు నిండినట్టుగా వెళ్ళిపోయారు. వైకుంఠరావు అత్యవసర సమావేశం పిలిచాడు. అనధికార రిమోట్ల చొరబాటుని అరికట్టడానికి సెట్‌టాప్ బాక్సూ, డీవీడీ ఒక ఇనప బీరువాలో పెట్టాలనీ, కొత్త రిమోట్ మాట వినే పెట్టె ఒక్కటే బయట ఉండాలనీ, ఆ బీరువా తాళం కూడా రిమోట్‌తోనే పడాలనీ, రిమోట్‌తోనే తీయాలనీ ఆయనే ప్రతిపాదించాడు. పరికరాలు నడుస్తున్నంతసేపూ రిమోట్ కార్యదర్శి చార్జిలో ఉండాలి, చార్జి అప్పగించకుండా ఆయన హాలు విడిచి వెళ్ళరాదు. ఈ చివరి నిబంధన పెట్టమని ఎవరూ అడగలేదు. ఆయనకే ముచ్చటేసి పెట్టుకున్నాడు.

ఆదివారం వచ్చింది. హాలు నిండిపోయింది. హైమవతి వంగపండు రంగు పట్టుచీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. ఆవిడ చేతులు ఒళ్ళో ఒకచోట ఉండటంలేదు. దక్షిణామూర్తి గారు రిమోట్‌కి ఉన్న రిబ్బను కత్తిరించి, అది సభ్యుల సమష్టి మేధకు ప్రతీక అని సెలవిచ్చి, కార్యదర్శి చేతికిచ్చారు. వైకుంఠరావు "ప్రారంభము" నొక్కాడు.

కర్టెన్లు మూసుకున్నాయి. లైట్లు మెల్లగా తగ్గాయి. తెర దిగింది. ఏసీ సన్నగా మొదలైంది. జనం "ఆహా" అన్నారు. వైకుంఠరావు భార్య వంక చూశాడు. ఆవిడ కూడా నవ్వింది. ఆ ఒక్క నిమిషం గురించి ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు, ఎందుకంటే తర్వాత చెప్పుకోవలసినదేమీ జరగలేదు.

గాజు పలక మీద ఛానళ్ళ పద్దులు వచ్చాయి. వార్తలు, భక్తి, క్రీడలు, చలనచిత్రములు. పాత పాటల ఛానల్ వాటిలో వేటిలోనూ లేదు. అది "సంస్కృతి" కింద ఉండాలి. సంస్కృతి అనే పద్దు గత సమావేశంలో ఇమ్మానుయేలు గారికి జలుబు చేసినందువల్ల వాయిదా పడింది. సరే, "ఇతరములు" ఉంది కదా అని వైకుంఠరావు అది నొక్కాడు. ప్రతిపాదించువారు ఎవరని రిమోట్ అడిగింది. బలపరచువారు ఎవరని అడిగింది. అధ్యక్షులవారు వచ్చి తమ అంకెలు నొక్కారు. కోశాధికారి వచ్చి "వ్యయము లేనందున అభ్యంతరము లేదు" నొక్కారు. తెరమీద అంత పెద్ద అక్షరాలతో ఒక వాక్యం వచ్చి నిలబడింది.

"మీ ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది."

ఆ వాక్యం వైకుంఠరావుదే. మామూలు యంత్రాలు "ఆగండి" అని మొరటుగా చెప్తాయనీ, మనది సంస్కారంగా చెప్పాలనీ పట్టుబట్టి రాయించాడు. జనం గోడ గడియారం వంక చూశారు. కార్యక్రమం మొదలవడానికి పెద్దగా టైము లేదు. ఆయన కార్తికేయకి ఫోన్ చేశాడు.

"సార్, 'ఇతరములు' కింద వచ్చిన విషయం వెంటనే తేలిపోకూడదు, కొంత వ్యవధి తీసుకోవాలని మీరే రాయించారు సార్" అన్నాడు కార్తికేయ.

ఎంత వ్యవధి అని అడిగాడు వైకుంఠరావు.

"అది తర్వాతి మీటింగులో చెప్తామన్నారు సార్."

కస్తూరి గారు చప్పుడు చేయకుండా పైకి వెళ్ళి తన రిమోట్ తెచ్చారు. పరిశీలన ముగిసేదాకా బీరువా తాళం తీసే బటను కూడా పనిచేయదు కాబట్టి, మూసిన బీరువా ముందే నిలబడి అన్నివైపులనుంచీ నొక్కారు. పైకెత్తి నొక్కారు, వంగి నొక్కారు. ఇనప తలుపులు దాటి ఏమీ లోపలికి పోలేదు. ఆ క్షణంలో వైకుంఠరావుకి ఏడుపు రావలసింది. కానీ రానివ్వకుండా లోపల ఎక్కడో చిన్న గర్వం అడ్డుపడింది. అనధికార రిమోట్ పనిచేయలేదు, మనం చెప్పింది చెప్పినట్టు చేశారు అనుకున్నాడు. అలా అనుకున్నందుకు చెంపలేసుకోవాలనిపించింది గానీ, రెండు చేతులూ రిమోట్ మీదే ఉన్నాయి.

హైమవతి లేచింది. కస్తూరి గారితో, "మా ఇంట్లో చూద్దాం రండి, చిన్న టీవీ అయినా సరిపోతుంది" అంది. చీరల గలగలలతో ముందు రెండు వరుసలు లేచాయి. ఆవిడ వెళ్తూ వెళ్తూ ఆయన దగ్గర ఆగి, "మొదలైపోతోంది. మీరూ రండి" అంది.

"రిమోట్ నా చార్జిలో ఉంది హైమా. నువ్వు పద, నేను వస్తాను" అన్నాడు.

ఆవిడ ఆయన మొహం వంక చూసి తలూపింది. తర్వాత వెనక వరుసలు కదిలాయి. ఇమ్మానుయేలు గారు, ఈ జాప్యాన్ని అభ్యంతరంగా నమోదు చేయనని భరోసా ఇచ్చి వెళ్ళారు. దక్షిణామూర్తి గారు లేస్తుంటే వైకుంఠరావు ఆశగా, "తమరు ఆఫ్ చేసేస్తే నేనూ..." అన్నాడు. దక్షిణామూర్తి గారు నిజంగానే విచారపడ్డారు. ఆఫ్ చేయాలంటే కార్యక్రమం ముగియాలి, ముగియాలంటే మొదలవ్వాలి, మొదలవకుండా ముగించే అధికారం తమకి లేదన్నారు. పోనీ చార్జి తీసుకోండి అంటే, సెలవురోజు చార్జి మార్పిడి జరగదని గుర్తుచేసి, మెట్లెక్కి వైకుంఠరావు ఇంటికే వెళ్ళారు.

హాలులో ఆయనొక్కడే మిగిలాడు. రిమోట్ కుర్చీలో పెట్టి వెళ్ళిపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు. ఎత్తుకుపోయినా దాంతో ఎవరూ ఏమీ చేయలేరు, కట్టించిన తనే చేయలేకపోతున్నాడు. ఈ సంగతి ఆయనకి స్పష్టంగా తెలుసు. తెలిసే కూర్చున్నాడు. మూసిన కర్టెన్ల మధ్య, ఏసీ చల్లదనంలో, ఉమ్మెత్తకాయలా మొహం పెట్టుకుని, తనే రాసిన వాక్యాన్ని చదువుకుంటూ కూర్చున్నాడు. పైన ఎక్కడో టీవీ మోగుతున్నట్టే ఉంది. పాటో, మాటో తెలియలేదు. హాలుకి శబ్దం చొరబడని తలుపులు పెట్టించాలన్న సూచన కూడా ఆయనదే.

కార్యక్రమానికి కేటాయించిన సమయం అయిపోగానే లైట్లు వాటంతట అవే వెలిగాయి. కర్టెన్లు తెరుచుకున్నాయి. "కార్యక్రమము ముగిసినది. తమ అభిప్రాయము తెలుపగలరు" అని వచ్చింది. కింద రెండే గళ్ళున్నాయి, బాగున్నది, చాలా బాగున్నది. మూడోది ఉంటే సభ్యుల్లో నిరుత్సాహం ప్రబలుతుందని అధ్యక్షులవారు తీయించారు. వైకుంఠరావు చాలా బాగున్నదని నొక్కి, రిమోట్‌ని కుర్చీలో పడేసి, మెట్లెక్కాడు.

ఆయన గుమ్మం ముందు తన చెప్పులు విప్పుకోడానికి చోటు లేదు. లోపల మంచాల మీద, నేలమీద, వంటింటి గడప మీద కూడా మనుషులున్నారు. టీవీ కట్టేసి ఉంది. ఎవరూ లేచి వెళ్ళాలన్న తొందరలో లేరు. కస్తూరి గారు ముక్కు చీదుకుంటున్నారు. ఇమ్మానుయేలు గారు హైమవతికి దగ్గరగా వెళ్ళి, మా అమ్మ కూడా ఇలాగే పాడేదమ్మా అని ఇంకేదో చెప్పబోయి ఊరుకున్నారు. వైకుంఠరావు పడక్కుర్చీలో దక్షిణామూర్తి గారు కూర్చుని ఉన్నారు. ఆయన కళ్ళు తుడుచుకుని, చీఫ్ ఇంజనీరు భాష మరిచిపోయి మామూలు మనిషిలా అన్నారు.

"ఎంత బాగా పాడారయ్యా మీ ఆవిడ. నువ్వు అదృష్టవంతుడివి, రోజూ వింటావు."

అవునండీ అందామనుకున్నాడు వైకుంఠరావు. సర్వీసంతా అలాంటి చోట్ల అవునండీ అనే నెట్టుకొచ్చాడు. ఈసారి నోరు రాలేదు. హైమవతి కాఫీ గ్లాసులు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ ముందు ఆ అబద్ధం పలకదు.

"ఇంతకీ ఏం పాడిందండీ?" అన్నాడు.

దక్షిణామూర్తి గారు పడక్కుర్చీలో సర్దుకున్నారు. హైమవతి వంక చూశారు, కప్పు వంక చూశారు, మళ్ళీ గొంతు సవరించుకున్నారు.

"ఏం లేదయ్యా. ఒక కరణంగారి భార్య ఆయన్ని అన్నానికి పిలుస్తూ ఉంటుంది. వేడివేడిగా వడ్డించాను, లేచి రండి అని. వాళ్ళ అమ్మమ్మగారే కట్టారట. పల్లవి అంతా అదే, లేచి రండి లేచి రండి అని."

"రాడా?"

"రాడు. లెక్కలు చూసుకుంటూ ఉంటాడు."

ఎవరో నవ్వబోయి కాఫీ తాగేశారు. వైకుంఠరావు తన ఇంటి మధ్యలో, కూర్చోడానికి చోటు లేక నిలబడే ఉన్నాడు. తనలాంటివాడి కోసం అరవై డెబ్భై ఏళ్ళ కిందటే పాట కట్టేసి పెట్టారని తెలిసి ఆయనకి సిగ్గూ, నవ్వూ ఒకేసారి వచ్చాయి. భార్య వైపు తిరిగి, ఈసారి ఆవిడనే అడిగాడు.

"చివరికైనా వస్తాడా హైమా?"

"వస్తాడు. అన్నం చల్లారిపోయాక వస్తాడు" అంది హైమవతి, అందరికీ ఇవ్వగా మిగిలిన కాఫీ ఆయన చేతికిస్తూ.